స్వచ్ఛంద శిక్షణ తరగతుల్లో వయోజనులకు బోధన

జీతం కోసం కాకుండా తమంతట తాము ముందుకొచ్చిన పెద్దవాళ్ళకు ఒక సేవా కార్యక్రమానికి కావలసిన జ్ఞానం, నైపుణ్యం అందించే తరగతులను స్వచ్ఛంద శిక్షణ తరగతులు అంటారు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దించబోయే డిగ్రీ విద్యార్థి, బాలింతల ఇళ్ళకు వెళ్ళి పసిబిడ్డ బరువు తూచబోయే ఆశా కార్యకర్త, రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్ళకు ప్రథమ చికిత్స చేయడం నేర్చుకునే ఆటో డ్రైవరు, పక్క ఊరి మహిళలకు పొదుపు సంఘం లెక్కలు చెప్పబోయే సభ్యురాలు - వీళ్ళంతా ఇలాంటి తరగతుల నుంచే వస్తారు.

మామూలు బడికి లేని చిక్కు ఒకటి ఈ తరగతులకు ఉంది. ఇక్కడ నేర్చుకునేవాళ్ళూ పెద్దవాళ్ళే, రేపు వీళ్ళ దగ్గర నేర్చుకోబోయేవాళ్ళూ చాలావరకు పెద్దవాళ్ళే. మూడు రోజులు ఉపన్యాసం విన్న వాలంటీరు ఊరికి వెళ్ళి ఉపన్యాసమే ఇస్తాడు. 'ఉపన్యాసం వద్దు, చర్చ జరపండి' అన్న విషయం మీద ఉపన్యాసం విన్నా, ఇచ్చేది ఉపన్యాసమే. శిక్షణలో తనను ఎలా కూర్చోబెట్టారు, ఎంతసేపు మాట్లాడనిచ్చారు, తప్పు చేసినప్పుడు ఏమన్నారు అన్నవే అతనితో పాటు ఊళ్ళోకి వెళ్తాయి. వయోజన బోధన గురించి ప్రపంచంలో వచ్చిన ఆలోచనలూ, భారతదేశంలోనూ తెలుగునాట జరిగిన ప్రయత్నాలూ ఈ ఒక్క విషయాన్ని పదేపదే రుజువు చేశాయి.

ఆలోచనల పుట్టుక

పెద్దల చదువుకు పిల్లల చదువుతో సంబంధంలేని సొంత పద్ధతి ఉండాలన్న ఆలోచన యూరప్‌లో 19వ శతాబ్దంలో రూపుదిద్దుకుంది. డెన్మార్క్‌లో ఎన్.ఎఫ్.ఎస్. గ్రుంట్‌విగ్ ఆలోచనల ప్రేరణతో 1844లో రోడింగ్ అనే చోట మొదటి ఫోక్ హైస్కూలు వెలిసింది. రైతు కుటుంబాల యువకులు పరీక్షల బెడద లేకుండా చదువుకోవడానికి వీలు కల్పించింది. అమెరికాలో ఎడ్వర్డ్ లిండెమన్ 1926లో రాసిన పుస్తకంలో, పెద్దల చదువు పాఠ్య ప్రణాళిక నుంచి కాక వాళ్ళు బతుకుతున్న పరిస్థితుల నుంచి మొదలవ్వాలని వాదించాడు. ఆయన బాటలోనే నడిచిన మాల్కమ్ నోల్స్ (1913–1997) 1970లో ప్రచురించిన గ్రంథంతో ఈ ఆలోచనలు ఒక సిద్ధాంతంగా స్థిరపడ్డాయి.

నోల్స్ చెప్పినదాని సారం ఇది. పెద్దవాళ్ళు తమ నిర్ణయాలు తాము తీసుకునేవాళ్ళుగా గుర్తింపు కోరుకుంటారు. వాళ్ళ దగ్గర పోగైన అనుభవం ఉంటుంది. జీవితంలో అవసరం ఎదురైనప్పుడు నేర్చుకోవడానికి సిద్ధపడతారు. ఎప్పుడో పనికొచ్చే విషయం కంటే ఈరోజు తేల్చుకోవలసిన సమస్య మీదే వాళ్ళ మనసు నిలుస్తుంది. ఎందుకు నేర్చుకోవాలో తెలియాలని కోరడం, లోపలి నుంచి వచ్చే ప్రేరణ అన్న రెండు అంశాలను ఆయన తర్వాతి కాలంలో చేర్చాడు. ఈ సిద్ధాంతానికి గట్టి విమర్శలే వచ్చాయి. పిల్లలు కూడా అవసరం ఉన్నది ఇష్టంగా నేర్చుకుంటారు. పెద్దవాళ్ళందరూ సొంతంగా చదువుకు దారి వేసుకోగలవాళ్ళు కారు. ఆ మాటలోని న్యాయాన్ని నోల్స్ గుర్తించాడు. తొలి ముద్రణలో పిల్లల బోధనకూ పెద్దల బోధనకూ పోటీ పెట్టినట్టున్న ఉపశీర్షికను 1980 ముద్రణలో మార్చి, ఒకదాని నుంచి ఇంకొకదానికి సాగే దారిగా చూపాడు. వయసు గీతకు అటూ ఇటూ రెండు వేరు జాతులు లేవు గాని, పెద్దవాళ్ళను పిల్లల్లా చూస్తే తరగతి ఖాళీ అవుతుందన్నది మాత్రం నిజం. పిల్లవాడు మర్నాడు కూడా బడికి రాక తప్పదు. పెద్దావిడ రాకపోతే అడిగేవాళ్ళు లేరు.

బ్రెజిల్‌కు చెందిన పాలో ఫ్రేరే (1921–1997) ఇదే ప్రశ్నను అధికారం వైపు నుంచి చూశాడు. 1963లో ఆంజికోస్ పట్టణంలో ఆయన బృందం సుమారు 300 మంది శ్రామికులకు 40 గంటల్లో చదవడం, రాయడం నేర్పిన ప్రయోగం ప్రసిద్ధం. ముందు బృందం ఆ ఊరి మాటలు వింటుంది. అందులో బతుకు బరువున్న కొన్ని పదాలు ఏరుకుంటుంది. ఒక బొమ్మ చూపి దాని మీద చర్చ నడిపిస్తుంది. ఆ తర్వాతే పదాన్ని అక్షరాలుగా విడగొట్టి, ఆ అక్షరాల గుణింతాలతో కొత్త పదాలు కట్టమని నేర్చుకునేవాళ్ళనే అడుగుతుంది. గురువు దగ్గరున్న జ్ఞానాన్ని శిష్యుడి ఖాళీ తలలో జమ చేయడాన్ని ఫ్రేరే తీవ్రంగా తప్పుపట్టాడు. 1964 సైనిక తిరుగుబాటు తర్వాత ఆయనను జైలులో పెట్టారు, తర్వాత దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది.

అంతకు ముందే, 1930 ప్రాంతంలో, ఫిలిప్పీన్స్‌లోని లానావో ప్రాంతంలో అమెరికన్ మిషనరీ ఫ్రాంక్ లాబాక్ 'ఒక్కొక్కరు మరొకరికి నేర్పాలి' అన్న పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన భారతదేశానికీ వచ్చాడు. ఆ నినాదం మన అక్షరాస్యతా కార్యక్రమాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. నేర్చుకున్న ప్రతి మనిషీ నేర్పగలడన్న నమ్మకం గొప్పదే. అయితే నేర్పడం కూడా నేర్చుకోవలసిన పనేనన్న సంగతి ఆ నినాదంలో కనిపించదు.

టీచరు కాని టీచరు

స్వచ్ఛంద బోధకుల చరిత్రలో అమెరికాలోని సౌత్ కరొలినా రాష్ట్రపు జాన్స్ ఐలండ్‌కు ప్రత్యేక స్థానం ఉంది. అక్కడి నల్లజాతీయులు ఓటరుగా నమోదు కావాలంటే అప్పట్లో రాజ్యాంగంలో కొంత భాగం చదివి చూపవలసి వచ్చేది. బస్సు నడుపుతూ అందులోనే ప్రయాణికులకు ఆ పాఠం చెబుతూ వచ్చిన ఈసావ్ జెంకిన్స్, పెద్దల కోసం ఒక బడి కావాలని టెనెసీలోని హైలాండర్ ఫోక్ స్కూలును అడిగాడు. 1932లో మైల్స్ హోర్టన్ తదితరులు స్థాపించిన ఆ సంస్థలో అప్పుడు సెప్టిమా క్లార్క్ (1898–1987) పనిచేస్తున్నారు. దశాబ్దాల అనుభవం ఉన్న ఉపాధ్యాయురాలు ఆమె. అయినా బోధనకు ఉపాధ్యాయులను పిలవలేదు. తన బంధువు, బట్టలు కుట్టి, బ్యూటీ పార్లర్ నడుపుకునే బెర్నీస్ రాబిన్సన్‌ను ఎంచుకున్నారు. టీచర్లయితే పెద్దవాళ్ళను బడిపిల్లల్లా చూస్తారన్నది హైలాండర్ భయం.

1957 జనవరిలో, ఒక సహకార దుకాణం వెనక గదుల్లో, 14 మందితో తరగతి మొదలైంది. రాబిన్సన్ మొదట పిల్లల పుస్తకాలు తెచ్చి, అవి పనికిరావని వెంటనే పక్కన పెట్టేసింది. ఏం నేర్చుకోవాలని ఉందో వచ్చినవాళ్ళనే అడిగింది. పేరు రాయాలి, బైబిలు చదవాలి, పోస్టులో సరుకులు తెప్పించుకునే ఫారం నింపాలి, మనియార్డరు రాయాలి అన్నారు వాళ్ళు. ఆ ఫారాలే పాఠాలయ్యాయి. ఆ తర్వాత పౌరసత్వ పాఠశాలలుగా పేరుపడ్డ ఈ తరగతులను 1961లో మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వంలోని సంస్థ చేపట్టింది. దక్షిణ రాష్ట్రాలంతటి నుంచీ వాలంటీర్లు జార్జియాలోని ఒక కేంద్రానికి వచ్చి శిక్షణ పొంది వెళ్ళారు. అక్కడికి చేరినవాళ్ళలో రైతులు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, మంగలులు ఉన్నారు. పౌరహక్కుల ఉద్యమానికి ఊరూరా నిలబడ్డ కార్యకర్తలను ఇచ్చింది ఈ తరగతులే.

భారతదేశంలో, తెలుగునాట

ఆంధ్ర గ్రంథాలయోద్యమం పుస్తకాలతో పాటు రాత్రిబడులనూ పట్టించుకుంది. ఆ ఉద్యమ నాయకుల్లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు వయోజన విద్యకు చాలా శ్రమపడ్డారు. స్వాతంత్ర్యం తర్వాత దేశవ్యాప్త ప్రయత్నంగా 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం, 1988 మే 5న జాతీయ సాక్షరతా మిషన్ మొదలయ్యాయి. కొద్దిపాటి గౌరవ వేతనంతో నడిచే కేంద్రాల స్థానంలో, జిల్లా మొత్తాన్ని కదిలించే వాలంటీర్ల ఉద్యమం అన్నది మిషన్ తెచ్చిన పెద్ద మార్పు. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్ చొరవతో ఎర్నాకుళం జిల్లాలో 1989లో సాగిన ప్రయత్నం ఫలించి, 1990 ఫిబ్రవరిలో అది దేశంలో తొలి సంపూర్ణ అక్షరాస్యత జిల్లాగా ప్రకటితమైంది. అదే ఏడాది భారత జ్ఞాన విజ్ఞాన జాతా అనే ప్రచార యాత్ర పాటలు, నాటికలతో దేశమంతా తిరిగింది. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో కలెక్టరు షీలారాణి చుంకత్ ప్రోత్సాహంతో అక్షరాస్యతా ఉద్యమంలోకి సైకిలు వచ్చి చేరింది. ఊరూరూ తిరగవలసిన మహిళా కార్యకర్తలకు సైకిలు తొక్కడం కూడా శిక్షణలో భాగమైంది. తరగతికి చేరుకునే దారి కూడా చదువులో భాగమేనని గుర్తించిన అరుదైన శిక్షణ అది.

నెల్లూరు అనుభవం తెలుగువాళ్ళకు బాగా తెలిసినదే అయినా, బోధన వైపు నుంచి దాన్ని చూసినవాళ్ళు తక్కువ. 1991లో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం ముమ్మరంగా నడిచింది. అక్షరాలతో పాటు చర్చించడానికి వాచకాల్లో కథలు పెట్టారు. సారా వల్ల చితికిపోయిన సీతమ్మ కుటుంబం కథ అందులో ఒకటి. కలిగిరి మండలం దూబగుంటలో ఆ పాఠం చదివిన మహిళలు పుస్తకం మూసి ఊరుకోలేదు. ఇది మన ఇళ్ళ సంగతే కదా అనుకుని, ఊళ్ళో సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఊరి రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినబడింది. తర్వాతి దశ వాచకం 'చదువు వెలుగు'లో ఆ ఊరి కథే పాఠంగా వచ్చింది. దాన్ని చదివిన వేరే ఊళ్ళ మహిళలు తమ ఊళ్ళలోనూ కదిలారు. 1992లో ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. ఒక్క పాఠం వల్లనే ఇదంతా జరిగిందనడం చరిత్రను కుదించడమే. 'వారుణి వాహిని' పథకంతో సారా ప్యాకెట్లు ఇంటి గుమ్మం దాకా రావడం, కూలి డబ్బులు ఇల్లు చేరకపోవడం, ఊరూరా తిరిగిన కార్యకర్తల శ్రమ - ఇవన్నీ ఉన్నాయి. కాని ఏళ్ళ తరబడి ఎవరి ఇంట్లో వాళ్ళు ఏడ్చిన ఆడవాళ్ళు రోజూ సాయంత్రం ఒకచోట కూర్చునే అవకాశం మొదటిసారి రాత్రిబడిలోనే దొరికింది. పాఠం గురించి మాట్లాడమని అడిగిన వాలంటీరు అక్కడ ఉన్నారు. చదివించి అప్పజెప్పించుకుని పంపేసి ఉంటే, ఆ పాఠం పాఠంగానే మిగిలేది.

అక్షరాల తరగతి

జాతీయ సాక్షరతా మిషన్ రూపొందించిన వేగవంతమైన పద్ధతిలో 15–35 ఏళ్ళవారికి మూడు వాచకాలు, సుమారు 200 గంటల బోధన ఉండేవి. వాచకాల లోపలే అభ్యాసాలు, పరీక్షలు ఉండేవి. చివరికి నిమిషానికి 30 పదాల వేగంతో పైకి చదవడం, 7 పదాలు చూసి రాయడం, 5 పదాలు విని రాయడం, 100 వరకు అంకెలు గుర్తించడం, మూడంకెల కూడికలు, తీసివేతలు చేయడం రావలసి ఉండేది. ఈ లెక్క వాలంటీరుకు చాలా మేలు చేసింది. ఎక్కడికి చేరాలో తెలిసింది.

తెలుగు లిపి దగ్గరికి వస్తే వాలంటీర్లు తమ చిన్ననాటి అలవాటు కొద్దీ 'అ ఆ ఇ ఈ' దగ్గర మొదలుపెట్టేస్తారు. ఋ, ౠ దాటి, హల్లులు దాటి, గుణింతాలు, ఒత్తులు ముగిసే దాకా చదివి అర్థం చేసుకోదగ్గ వాక్యం ఒక్కటీ రాదు. పొద్దంతా కలుపు తీసి వచ్చిన మనిషికి అంత ఓపిక ఉండమనడం అన్యాయం. అందుకే వయోజన వాచకాలు పదంతో మొదలవుతాయి. తల, వల, పలక, కల వంటి మాటలతో నాలుగైదు అక్షరాలు వచ్చేసరికి ఏదో ఒకటి చదవగలుగుతారు. ప, ఫ, ష, స లాగా, వ, మ, య లాగా ఆకారంలో దగ్గరగా ఉన్న అక్షరాలను రాయించడానికి కలిపి చూపితే చేయి తొందరగా తిరుగుతుంది. చదివించేటప్పుడు మాత్రం వాటి మధ్య కొన్ని రోజుల ఎడం ఉండాలి, లేకపోతే అక్షరాలు ఒకదానితో ఒకటి కలగలిసిపోతాయి.

సంతకం విషయంలో వరస తప్పక తప్పదు. తరగతికి వచ్చిన స్త్రీలలో చాలామందికి మొదటి కోరిక వేలిముద్ర మానుకోవడం. ఒకామె పేరు లక్ష్మమ్మ అయితే, లిపిలోకెల్లా కష్టమైన 'క్ష్మ' మొదటి వారంలోనే కావాలి. ఎల్లయ్య, వెంకటమ్మ, సుబ్బన్న - అన్నిటిలోనూ ఒత్తులే. పాఠం అక్కడికి రాలేదని ఆగమనకూడదు. పేరును బొమ్మలా చూసి గీయడం నేర్పి, అక్షరాలు తర్వాత విడదీసి చెప్పవచ్చు. అమ్మ, అక్క, అన్న, అయ్య, అత్త అన్నిటిలోనూ తన ఒత్తే తన కింద ఉంటుంది కాబట్టి, ఇంట్లోవాళ్ళ జాబితా రాయిస్తే చాలా ఒత్తులు ఒక్క రోజులో పరిచయమవుతాయి.

లెక్కల్లో వాలంటీరు గ్రహించవలసింది ఇంకొకటి. ఎదురుగా కూర్చున్న మనిషికి లెక్క రాక కాదు, రాత రాకే అక్కడ ఉంది. ఎకరానికి 40 గుంటలు, 100 సెంట్లు అని ఆమెకు నోటికి తెలుసు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన పదివేలకు నెలకు ఎంతో వెంటనే చెబుతుంది. అది ఏడాదికి 24 శాతమనీ, 'పావలా వడ్డీ' అంటే 3 శాతమనీ పలక మీద పక్కపక్కన రాసి చూపినప్పుడు, బ్యాంకు కాగితంలోని అంకెలకు అర్థం వస్తుంది. తెలిసిన లెక్కను కాగితం మీదికి తేవడం ఒక పని. లెక్కే తెలియదనుకుని ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టడం మాత్రం ఆమెను అవమానించడమే.

చూపు సంగతిని శిక్షణ పుస్తకాలు తరచూ మరిచిపోతాయి. నలభై దాటినవాళ్ళకు దగ్గరి చూపు మందగించడం సహజం. చదువు అంటట్లేదని ముద్రపడిన ఎందరో నిజానికి అక్షరం కనిపించని వాళ్ళు. పెద్ద అక్షరాల వాచకం, తగినంత దీపం, వీలైతే మొదటి వారంలోనే కంటి పరీక్ష - వీటికి పట్టే ఖర్చుతో పోలిస్తే ఫలితం చాలా ఎక్కువ.

గుర్తుండటం, చేతికి రావడం

మనిషి ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగల కొత్త విషయాలు నాలుగైదుకు మించవని మనస్తత్వ శాస్త్ర పరిశోధనలు చెబుతున్నాయి. శిక్షణ తరగతుల టైంటేబుల్ చూస్తే ఈ సంగతి ఎవరికీ తెలియనట్టుంటుంది. పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా గంటకొక వక్త, వక్తకు నలభై స్లైడ్లు. విన్నవాళ్ళకు అంతా అర్థమైనట్టే అనిపిస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె 2006లో ప్రచురించిన ప్రయోగం ఈ భ్రమను చక్కగా బయటపెట్టింది. ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళకు అయిదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. చదివి, పుస్తకం మూసి గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించినవాళ్ళకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. కాబట్టి మర్నాటి పాఠానికి ముందు 'నిన్న చెప్పుకున్నవాటిలో మీ ఊళ్ళో ముందుగా ఏం చేస్తారు?' అని అడిగి, పది నిమిషాలు వాళ్ళనే చెప్పనివ్వడం కాలం వృథా చేయడం కాదు. ఆ రోజుకు అదే గట్టి పాఠం.

శిక్షకులకు శిక్షణ ఇచ్చే చోట్ల ఒక పటం తరచూ కనిపిస్తుంది. చదివినదాంట్లో 10 శాతం, విన్నదాంట్లో 20 శాతం, చూసినదాంట్లో 30 శాతం, చేసినదాంట్లో 90 శాతం గుర్తుంటుందని అందులో ఉంటుంది. కింద విద్యావేత్త ఎడ్గార్ డేల్ పేరు ఉంటుంది. 1946లో డేల్ గీసిన అనుభవ శంఖువులో ఆ శాతాలు లేనేలేవు. అవి తర్వాత ఎవరో చేర్చినవి, ఏ ప్రయోగం నుంచీ వచ్చినవి కావు. అలాగే ఒక్కొక్కరిది ఒక్కో అభ్యసన శైలి, చూసి నేర్చుకునేవాళ్ళు వేరు, విని నేర్చుకునేవాళ్ళు వేరు అన్న సిద్ధాంతానికి తగిన ఆధారాలు లేవని 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం తేల్చింది. ఏ విషయాన్ని ఎలా చూపాలో నిర్ణయించేది ఆ విషయమే. గుండె ఆగినవాళ్ళకు ఛాతీ నొక్కడం వినికిడితో వచ్చే విద్య కాదు.

చేతిపనులు నేర్పే పద్ధతికి చక్కని నమూనా రెండో ప్రపంచయుద్ధ కాలంలో వచ్చింది. అమెరికా ప్రభుత్వం 1940 నుంచి 1945 వరకు నడిపిన పారిశ్రామిక శిక్షణ కార్యక్రమంలో పని నేర్పడాన్ని నాలుగు అడుగులుగా విడగొట్టారు. మనిషిని సిద్ధం చేయాలి, పని చూపాలి, అతనితో చేయించాలి, తర్వాత వెళ్ళి చూసుకోవాలి. పది గంటల ఆ కోర్సులో ప్రతి సూపర్‌వైజరూ తన వర్క్‌షాపులోని ఒక పనిని తెచ్చి, తోటివాళ్ళ ముందు నేర్పి చూపవలసి వచ్చేది. విని వెళ్ళిపోవడం కుదరదు. పదహారు లక్షల మందికి పైగా ఈ కార్యక్రమంలో ధ్రువపత్రాలు పొందారు.

గుండె ఆగినవాళ్ళకు ఛాతీ నొక్కే సీపీఆర్ శిక్షణలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున నొక్కాలని చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ లోతు ఎంతో చేతులకు తెలియాలంటే బొమ్మ మీద చెమట పట్టేదాకా నొక్కాలి. ముప్ఫై మందికి ఒక్క బొమ్మ పెట్టి గంటలో ముగిస్తే, ఒక్కొక్కరికి దక్కేది రెండు నిమిషాలు. పైగా ఈ నైపుణ్యం కొద్ది నెలల్లోనే తగ్గిపోతుంది. అందుకే ఏడాదికోసారి పెద్ద తరగతి కంటే కొద్ది నెలలకోసారి చిన్న సాధన మేలని వైద్య మార్గదర్శకాలు ఇప్పుడు చెబుతున్నాయి.

శిక్షకులకు శిక్షణ

లక్షలమంది వాలంటీర్లు కావలసినప్పుడు అంచెలంచెల పద్ధతి తప్పదు. కీ రిసోర్స్ పర్సన్లు మాస్టర్ ట్రైనర్లకు, వాళ్ళు వాలంటీర్లకు చెబుతారు. ప్రతి అంచె దగ్గరా కొంత జారిపోతుంది. జారిపోయేది ముందుగా సాధనే, మాటలు కావు. పై అంచెలో అయిదు రోజులు పట్టిన శిక్షణను కింది అంచెలో రెండు రోజులకు కుదిస్తే ఉపన్యాసాలు మిగులుతాయి, అభ్యాసాలు ఎగిరిపోతాయి.

దీనికి విరుగుడుగా తెలుగునాట రెండు మంచి మార్గాలు కనిపిస్తాయి. ఒకటి పొలంబడి. 1989లో ఇండోనేషియాలో వరిని దెబ్బతీస్తున్న సుడిదోమను ఎదుర్కోవడానికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో మొదలైన ఈ పద్ధతి ఆ తర్వాత మన పొలాల్లోకీ వచ్చింది. పాతిక, ముప్ఫై మంది రైతులు వారానికోసారి, పంటకాలమంతా ఒకే పొలం దగ్గర కలుస్తారు. చేలో దిగి మొక్కలు చూస్తారు, పురుగులు లెక్కిస్తారు, చూసినదాన్ని చార్టు మీద బొమ్మ గీసి, మందు కొట్టాలా వద్దా అని వాదించుకుంటారు. 'ఇదేం పురుగు?' అని రైతు అడిగితే మంచి శిక్షకుడు పేరు చెప్పడు. ఎక్కడ కనిపించింది, ఏం తింటోంది అని ఎదురు అడుగుతాడు. సుడిదోమనూ సాలీడునూ ఒక సీసాలో పెట్టి గుడ్డ కడితే, మిత్రపురుగంటే ఏమిటో సాయంత్రానికి రైతే చెబుతాడు. పంటకాలమంతా ఇలా నేర్చుకున్న రైతు తర్వాత ఇంకో ఊళ్ళో పొలంబడి నడపగలుగుతాడు, ఎందుకంటే నడిపే తీరు అతనికి పాఠంగా కాక అనుభవంగా అందింది.

రెండోది గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ పెంచిన కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్ల పద్ధతి. పొదుపు సంఘం నడిపి, అప్పు తీర్చి, బయటపడిన మహిళలు జట్లుగా ఇతర ఊళ్ళకు వెళ్ళి, రోజుల తరబడి అక్కడే ఉండి కొత్త సంఘాలు కడతారు. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ ఈ పద్ధతిని దేశానికంతటికీ తీసుకుంది. ఆంధ్ర మహిళలు బీహారు వంటి రాష్ట్రాల్లో సంఘాలు కట్టడానికి వెళ్ళారు. హిందీ అంతంతమాత్రమే అయినా వాళ్ళు చెప్పిన మాట చెల్లింది. సొంత అప్పు పుస్తకం తెరిచి చూపగలిగిన మనిషికి ఉన్న నమ్మకం అధికారికి ఉండదు.

ఆశా కార్యకర్తల శిక్షణ అంచెల పద్ధతికీ ఈ మార్గాలకూ మధ్యస్థంగా ఉంటుంది. 2005లో మొదలైన ఈ కార్యక్రమంలో మొదటి ఏడాది 23 రోజుల శిక్షణను అయిదు విడతలుగా ఇవ్వాలని పెట్టారు. విడతల మధ్య పని చేసి, వచ్చిన సందేహాలతో మళ్ళీ తరగతికి రావడం ఇందులోని తెలివి. విడతలు ఆలస్యమైనా, విడతల మధ్య ఎవరూ వెళ్ళి చూడకపోయినా ఆ తెలివి నిష్ఫలం. విదేశాల్లోని తెలుగు పిల్లల కోసం 2007లో కాలిఫోర్నియాలో మొదలైన మనబడి వంటి ప్రయత్నాల్లోనూ ఇలాంటి అవసరమే ఉంది. బోధించేవాళ్ళలో ఎక్కువమంది వేరే వృత్తుల్లోని తల్లిదండ్రులు. వాళ్ళకు తెలుగు వచ్చు, నేర్పడం కొత్త.

ఏ శిక్షణలోనైనా సగం సమయాన్ని వాలంటీర్లు నేర్పి చూపడానికే వదలాలి. అయిదారుగురు జట్టుగా కూర్చుని ఒకరు పాఠం చెబితే మిగిలినవాళ్ళు నేర్చుకునేవాళ్ళుగా ఉంటారు. తర్వాత చెప్పిన మనిషే ముందు మాట్లాడాలి: ఏది కుదిరింది, ఎక్కడ తడబడ్డాను అని. జట్టు మాట ఆ తర్వాత. శిక్షకుడు అన్నిటికన్నా చివర.

వేళ, మాట, మన్నన

నాట్లప్పుడూ కోతలప్పుడూ తరగతి పలచబడుతుంది. వలస వెళ్ళే ఊళ్ళలో నెలల తరబడి మూతపడుతుంది. దాన్ని శ్రద్ధ లేకపోవడంగా లెక్కగట్టి వాలంటీరును నిందించే పర్యవేక్షణ ఆ వాలంటీరును పోగొట్టుకుంటుంది. వేళ నిర్ణయించేది వచ్చేవాళ్ళే అయి ఉండాలి. వంట ముగిసి, పిల్లలు తిని, టీవీ సీరియల్ అయ్యాక అన్నా సరే. చంకలో బిడ్డతో వచ్చే తల్లులకు ఆ బిడ్డను కాసేపు చూసే మనిషి కావాలి.

పిలుపు ఇంకా ముఖ్యం. ఇరవై ఏళ్ళ కుర్రవాడు అరవై ఏళ్ళామెకు నేర్పుతున్నాడంటే అమ్మా, పెద్దమ్మా, అవ్వా అని, 'మీరు' అని పిలవడంతోనే తరగతి సగం నిలబడుతుంది. తప్పు చదివితే నలుగురిలో సరిదిద్దకుండా, పక్కన కూర్చుని మళ్ళీ కలిసి చదవడం మేలు. కులం గీతలున్న ఊళ్ళో ఎవరి ఇంటి అరుగు మీద తరగతి పెట్టారన్నదాన్ని బట్టే ఎవరు రారో తేలిపోతుంది. ఈ సంగతిని వాలంటీర్లతో బాహాటంగా మాట్లాడని శిక్షణ అసంపూర్ణం.

కొలత

శిక్షణ ముగిసిన సాయంత్రం పంచే అభిప్రాయ పత్రం భోజనం బాగుందో లేదో చెబుతుంది. 1959లో డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూడమన్నాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, దానివల్ల ఏమైనా మారిందా. చాలా సంస్థలు మొదటి మెట్టు మీదే కూర్చుంటాయి. మూడో మెట్టు ఎక్కడానికి పెద్ద ఖర్చు కాదు. నెల తిరగకముందే ఊరికి వెళ్ళి, వెనక వరసలో కూర్చుని ఒక్క తరగతి చూస్తే చాలు. వాలంటీరు ఎంతసేపు మాట్లాడారు, వచ్చినవాళ్ళు ఎంతసేపు మాట్లాడారు, ఎంతమంది పలక మీద ఏదైనా రాశారు అన్న మూడు సంగతులు రాసుకుని, తరగతి అయ్యాక ఆ వాలంటీరుతోనే కూర్చుని చూడాలి.

చదువు నిలవడానికి చదవదగ్గ సామగ్రి కావాలి. 1990లలో అక్షరాలు దిద్దిన అనేకమంది తర్వాత చదవడానికేమీ లేక మళ్ళీ వేలిముద్రకు తిరిగి వెళ్ళారు. 2011 జనాభా లెక్కల్లో అవిభక్త ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత సుమారు 67 శాతం, స్త్రీలలో 59 శాతం. 2009 సెప్టెంబరు 8న మొదలైన సాక్షర భారత్ ఊరికో వయోజన విద్యాకేంద్రాన్ని, దాన్ని నడిపే ప్రేరక్‌లను పెట్టింది. 2022లో మొదలైన నవభారత్ సాక్షరతా కార్యక్రమం మళ్ళీ పూర్తిగా వాలంటీర్ల మీదే ఆధారపడింది. బస్సు బోర్డు, రేషను కార్డు, సంఘం తీర్మానాల పుస్తకం, మనుమడి ప్రోగ్రెస్ కార్డు, ఫోనులో వచ్చే బ్యాంకు సందేశం - ఇవన్నీ ఇప్పుడు ఇంట్లోనే ఉన్న వాచకాలు. వాలంటీర్ల నెలవారీ సమావేశంలో రిజిస్టర్లు నింపే పని ముగించి, ఆ నెల తమ తరగతిలో ఎవరు ఎక్కడ ఆగిపోయారో చెప్పుకోవడానికి ఒక గంట మిగిల్చిన మండలాల్లో వాలంటీర్లు ఎక్కువ కాలం నిలుస్తారు.